తులసివనంలో గంజాయి మొక్క ('నిర్జల' వ్యాఖ్యా సహితం)

అవతారిక

ఆ మధ్య ఒకరోజు పొద్దున్నే ఉగ్గాని ప్లేటు ముందు పెట్టుకున్నానో లేదో, కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. కొడుకు ప్యాంటు జేబులో సిగరెట్టు పెట్టె దొరికిందట. "మా వంశంలో బీడీ ముట్టినోడు లేడు బావా. తులసివనంలో గంజాయి మొక్క మొలిచింది" అని వాపోయాడు. నేను ముప్పై రెండేళ్లు బడిపిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పి రిటైరైన తెలుగు పండితుణ్ణి. ఎదుటివాడి ఏడుపు కంటే వాడి వాక్యం ముందు చెవిన పడటం మా వృత్తిలో వచ్చే జబ్బు. "అదట్లుండనీ, వనానికి నీళ్లు యాణ్ణుంచి పారించినావప్పా?" అని అడిగాను. అవతల చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. ఈలోగా ఉగ్గాని చల్లారింది. ఈ వ్యాఖ్యానం పుట్టుకకు కారణం ఇదే.

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి. మన మెదకు సీమ కొలచెలమ వాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. రఘువంశ వ్యాఖ్యకు 'సంజీవని' అని పేరు పెట్టాడు. నేనూ ఏదో మూలిక పేరు పెడదామనుకున్నాను గానీ, నా మూలంలోనే రెండు మూలికలున్నాయి, వాటిలో ఒకదాని మీద కేసుంది. అందుకని మా జిల్లాకు తగ్గట్టు 'నిర్జల' అన్నాను. నా ఒట్టు మాత్రం ఆయన ఒట్టుకు తలకిందులు. మూలంలో లేనిదే రాస్తాను, అక్కర్లేనిది ఒక్కటీ వదలను. మూలం మొత్తం కలిపి మూడు మాటలు. ఒట్టుకు కట్టుబడితే పోస్టుకార్డు కూడా నిండదు.

మూలం

తులసివనంలో గంజాయి మొక్క.

పాఠాంతరం

'గంజాయివనంలో తులసి మొక్క' అని మరో పాఠం ప్రచారంలో ఉంది. మొదటి పాఠం మంచి ఇంట పుట్టిన చెడ్డవాణ్ణి చెబుతుంది, రెండోది చెడ్డవాళ్ల నడుమ చిక్కుకున్న మంచివాణ్ణి. రెండింటిలో ఏది ప్రాచీనం? రెండు పాఠాలు దొరికినప్పుడు కష్టమైనదే మూలానికి దగ్గర అని పాఠ పరిష్కర్తల సూత్రం. ఆ లెక్కన అనంతపురంలో ఏదీ తేలదు. గంజాయివనం పెంచడమూ కష్టమే, తులసివనం పెంచడమూ కష్టమే.

అందుకని ప్రయోగం చూసి నిర్ణయించాలి. తన గురించి చెప్పుకునేటప్పుడు మొదటి పాఠం వాడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పార్టీ మారిన నాయకుడు కొత్త కండువా సర్దుకుంటూ ఇన్నాళ్లూ గంజాయివనంలో తులసి మొక్కలా బతికానంటాడు. అదే సాయంత్రం పాత పార్టీవాళ్లు ప్రెస్‌మీట్ పెట్టి, మా తులసివనానికి పట్టిన గంజాయి మొక్క వదిలిందంటారు. రెండు పాఠాల్లోనూ ఉన్నది ఒకే మొక్క. ఐదేళ్లకోసారి పాదు మారుతుంది, అంతే.

ప్రతిపదార్థం

తులసి = ఇంటి ముందు కోట కట్టించుకుని పూజలందుకునే మొక్క. పూర్వాశ్రమంలో ఈమె బృంద, జలంధరుడి ఇల్లాలు, మహా పతివ్రత. విష్ణువు ఆమె మొగుడి వేషంలో వచ్చి వంచించిన తర్వాత తులసిగా మారింది. ఈ కథ గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పనుంది. వృక్షశాస్త్రం వాళ్లు తులసిని పుదీనా కుటుంబంలో చేర్చారు. సబ్జా మొక్క దీనికి తోడబుట్టిన చెల్లెలి లెక్క.

వనం = తోట, అడవి. ఇంతే అయితే వ్యాఖ్యాతతో పనేముంది, నిఘంటువు చాలు. అమరకోశంలో వారివర్గం తీయండి. నీటికి చెప్పిన పేర్ల వరసలో వనం కూడా ఉంది. అందుకే సముద్రం వనధి అయింది, తామర వనజం అయింది. ఎక్కడో కాశ్మీరంలోనో కోనసీమలోనో కూర్చున్న పండితుడికి ఇది ఉట్టి నానార్థం. అనంతపురం పండితుడికి ఇది వ్యవసాయ శాస్త్రం మొత్తం. వనం ఉంటేనే వనం. నీరనే వనం లేనిచోట తోట అనే వనం ఉండదని ఆ ఒక్క మాటకు రెండర్థాలు పెట్టి చెప్పారు పూర్వులు.

మా జిల్లాకు ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేరు తర్వాత మాదే అని బడిలో చెబుతారు. పిల్లలు అదేదో రెండో ర్యాంకు వచ్చినట్టు గర్వపడతారు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువు దించుకుని మా దాకా ఖాళీ బండ్లు తోలుకొస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలో దిగినవి దిగగా, మిగిలినవి మా దగ్గరికొచ్చేసరికి అలిసిపోతాయి. ముంగారు వాన వీళ్లు చూసుకుంటారని వాళ్లూ, హింగారు వాన వాళ్లు చూసుకుంటారని వీళ్లూ. రెండు ఆఫీసుల నడుమ పడ్డ అర్జీ లాంటి జిల్లా మాది. మేం వానను మిల్లీమీటర్లలో కొలవం. చేను పదునైందా, కాలేదా, అంతే మా కొలత.

లో = ఇక్కడ చాలామంది పొరబడతారు. 'లో' సప్తమి అనుకుంటారు. కాదు. అందు, ఇందు, న అనేవి సప్తమి. కి, కు, యొక్క, లో, లోపల అనేవి షష్ఠి. షష్ఠి సంబంధాన్ని చెబుతుంది. అంటే వనంలో మొక్క అన్నప్పుడు అది అక్కడ ఉందని మాత్రమే కాదు, ఆ వనానికి చుట్టమని కూడా వ్యాకరణం ఒప్పుకుంటోంది. మా బామ్మర్ది ఏడుస్తూ కూడా విభక్తి తప్పు పెట్టలేదు. నా బోధన ఇంట్లోవాళ్ల మీద పనిచేసిన సందర్భం ఇదొక్కటే.

గంజాయి = సంస్కృతంలో భంగ, విజయ. విజయ అని ఎవరు పెట్టారో గానీ, ఓడినవాళ్లే ఎక్కువగా తీసుకుంటారు. 1753లో లిన్నేయస్ దీనికి 'కన్నాబిస్ సటైవా' అని శాస్త్రనామం పెట్టాడు. 1785లో లమార్క్ మన దేశం నుంచి వెళ్లిన మొక్కను చూసి ఇది వేరే జాతి అంటూ 'ఇండికా' అని దేశం పేరే తగిలించాడు. ఈ ఒక్క పదానికి ఇంగ్లీషు దొరలు రాయించిన టీక ముందు నాది ఎంత? 1893లో ఒక కమిషన్ వేసి, దేశమంతా తిరిగి, వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, ఏడు సంపుటాలు అచ్చు వేయించారు. మూలంలో ఒక ఆకు, వ్యాఖ్య ఏడు సంపుటాలు. మల్లినాథుడు చూసి ఉంటే కన్నీళ్లు పెట్టుకునేవాడు.

దీనికి దగ్గర చుట్టం బీరులో చేదుకోసం వేసే హాప్స్. చుట్టరికంలోనే గుణం తెలిసిపోతోంది కదా అంటారా? తులసి చుట్టం పుదీనా బిర్యానీలో పడుతుంది, గంజాయి చుట్టం బీరులో పడుతుంది. రెండు కుటుంబాలూ కలుసుకునేది ఒకే పెళ్లి భోజనంలో, పందిరి వెనక వరసలో.

పై లోకంలో కూడా వీటికి పెద్ద తగువు లేదు. తులసి విష్ణువుది, గంజాయి శివుడిదని బైరాగులు వాటా వేశారు. మరి లేపాక్షికి వెళ్లి చూడండి. ఆ గుడిలో పాపనాశేశ్వరుడూ రఘునాథుడూ ఎదురెదురుగా కొలువై, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ దాదాపు అయిదు వందల ఏళ్లుగా ఉన్నారు. సావాసం వల్ల ఒకరు మరొకరిగా మారినట్టు పూజారులెవరూ చెప్పలేదు.

మొక్క = అమహద్వాచకం. వ్యాకరణం దీనికి ఆడ, మగ తేడా పెట్టలేదు. గంజాయి మాత్రం బొప్పాయిలాగా ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి యూరప్ వాళ్ల పాండిత్యం చూడాలి, లేకపోతే మనవాళ్లనే ఆడిపోసుకున్నట్టు ఉంటుంది. నార కోసం ఈ జాతి మొక్కను తరాల తరబడి సాగుచేసిన అక్కడి రైతులు దేన్ని మగదన్నారో తెలుసా? గింజలు కాసేదాన్ని. ఎందుకయ్యా అంటే అది దిట్టంగా, ఎత్తుగా, ఎక్కువకాలం నిలబడుతుంది కాబట్టి. పుప్పొడి రాల్చి తొందరగా వాడిపోయే బక్కదానికి ఆడది అని పేరు పెట్టారు. అంటే కాన్పులన్నీ మగమొక్కకు కట్టబెట్టి, కళ్లెదుటే గింజలు రాలుతున్నా ఎవరికీ అనుమానం రాకుండా వందల ఏళ్లు సేద్యం చేశారు. 1694లో కామెరారియస్ అనే జర్మన్ పండితుడు మొక్కలకూ ఆడ మగ ఉంటుందని ప్రయోగాలతో ఒక లేఖ రాశాడు. ఆయన చేతిలో నలిగిన మొక్కల్లో ఇదీ ఒకటి. పండితులు ఒప్పుకున్న తర్వాత కూడా రైతులు పాత పేర్లే వాడారు. కళ్ల ముందున్న మొక్క కంటే మనసులో ఉన్న మొగాడే గట్టివాడు.

పూర్వపక్షం

ఇప్పుడు ప్రతివాది వాదం. ఇది మా బామ్మర్ది వాదమే, వేర్వేరు ఫోన్లలో వేర్వేరు రోజుల్లో చెప్పింది నేను ఒక వరసలో పెట్టాను. మొక్కకు గుణం సావాసం వల్ల వస్తుంది. గంజాయి మీదుగా వీచిన గాలి తులసికి సోకితే తులసి వాసన మారుతుంది. మట్టి కింద వేళ్లు వేళ్లు కలిసి మాట్లాడుకుంటాయి, మంచి వేరు చెడ్డ వేరు మాట వింటుంది, చెడ్డ వేరు ఎవరి మాటా వినదు. కాబట్టి పిల్లోణ్ణి గుంతకల్లులో స్నేహితుల గదిలో పెట్టడమే తప్పు.

ఈ శాస్త్రానికి పేరు పెట్టాలంటే 'సావాసవృక్షాయుర్వేదం' అనాలి. దీన్ని ఖండించడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు, మా బామ్మర్ది చేను గట్టు మీద నిలబడితే చాలు.

మావైపు బుడ్డల చేన్లో సాళ్ల నడుమ కంది సాళ్లు వేయడం తాతల నాటి అలవాటు. బుడ్డలంటే వేరుశనగ, కోస్తా పాఠకుల కోసం చెబుతున్నాను. ఇంతకాలం పక్కపక్కనే పెరిగాయి కదా, ఏ ఒక్క కందిచెట్టయినా బుడ్డచెట్టును చూసి సిగ్గుపడి కాయలు భూమిలో దాచుకుందా? బుడ్డచెట్టేమైనా కందిని చూసి మిడిసిపడి కాయలు కొమ్మలకు వేలాడదీసిందా? రెండూ ఎవరి పని అవి చేసుకున్నాయి. కంది వేరు లోతుకు పోయి అడుగు తడి వెతుక్కుంటుంది, బుడ్డచెట్టు పైపై తడితో బతుకుతుంది. వాన మొహం చాటేస్తే రెండూ కలిసి ఎండిపోతాయి. సావాసం ఉన్నది అక్కడే.

బుడ్డచెట్టు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. లోకంలో వంకర గుణం ఉన్న మొక్క ఏదైనా ఉంటే అది గంజాయి కాదు, ఇదే. పొద్దున్నే పసుపుపచ్చ పువ్వు విప్పుతుంది. ఎండ ముదిరేసరికి ఆ పువ్వు వడలిపోతుంది. తక్కిన మొక్కలైతే అక్కడే కాయ కడతాయి. ఇది మాత్రం పువ్వున్న చోటు నుంచి సూదిలాంటి ఊడ ఒకటి కిందికి దించుతుంది. వారం పది రోజులకు ఆ ఊడ ఎర్రమట్టిలోకి దిగి, చీకట్లో, ఎవరూ చూడకుండా కాయ కడుతుంది. ఆ వారం పది రోజుల్లో ఒక్క పదునైనా పడాలి. పడకపోతే మా ఎర్రనేల పైన పెంకు కట్టినట్టు గట్టిపడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే కనబడుతుంది. ఊడ మొన నేలను తాకి, దిగలేక, పక్కకు వంగి, కొస నల్లబడి ఉంటుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద పోయేవాడికి పంట బాగుందనిపిస్తుంది. అట్లాంటి చేను ముందు నిలబడి మా బామ్మర్ది గుణం గురించి మాట్లాడతాడు, గాలి గురించి మాట్లాడతాడు. నేల పెంకు గురించి మాట్లాడడు. దాని గురించి మాట్లాడుకోవడానికేముంది?

ప్రసక్తానుప్రసక్తం

నీళ్లు తక్కువైన నేలలో శాస్త్రాలు బాగా పండుతాయి. ఎరువు అడగవు, కలుపు తీయనక్కర్లేదు. మా జిల్లాలో పండినన్ని శాస్త్రాలు కృష్ణా డెల్టాలో ఎందుకు పండలేదో డెల్టావాళ్లు ఆలోచించుకోవాలి. వాళ్ల కాలవలో నీళ్లున్నాయి, అంతకు మించి సిద్ధాంతం వాళ్లకు అక్కర్లేకపోయింది.

నాలుగేళ్ల కిందట మా బామ్మర్ది బోరు వేయించినప్పుడు నేనక్కడే ఉన్నాను. పాయింటు పెట్టే ఆయన బండి మీద వచ్చాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడిచాడు. ఒకచోట టెంకాయ లేచి నిలబడింది. "రెండించుల నీళ్లు" అన్నాడు. నాకూ సరదా పుట్టి టెంకాయ తీసుకున్నాను. చేనంతా తిరిగినా అది పడుకునే ఉంది. ఇంట్లోకొచ్చి మా చెల్లెలు కాఫీ ఇస్తుంటే వంటింటి గడపలో టక్కున నిలబడింది. ఆయనకు చూపించాను. "మీ రక్తం ఏ గ్రూపు సార్?" అన్నాడు. బి పాజిటివ్ అన్నాను. "అదీ సంగతి. ఓ పాజిటివ్ వాళ్ల చేతిలోనే నిజం చెబుతుంది" అన్నాడు. అయితే వంటింట్లో బోరు వేయొద్దంటావా అన్నాను. అక్కడ ఎవరూ నవ్వలేదు.

రిగ్గు వచ్చింది. రాడ్డు మీద రాడ్డు దించుతుంటే తెల్లటి రాతిపొడి మబ్బులా లేచి కోళ్ల మీద, కల్లంలోని గడ్డివామి మీద, అప్పు ఇచ్చిన పెద్దమనిషి మీద సమానంగా పడింది. నూట ఎనభై అడుగుల దగ్గర పొడి కాస్త తడిసి ముద్దలా వచ్చింది. అందరం లేచి నిలబడ్డాం. ఆడవాళ్లు పసుపు కుంకుమ తెచ్చారు. ఇరవై అడుగుల తర్వాత మళ్లీ పొడి. ఏజెంటు ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంకో వంద పోనిద్దాం అన్నాడు. అయిదు వందల దగ్గర ఆపారు. మా నేల కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. అది నీళ్లు పీల్చే రాయి కాదు. రాతిలో ఎక్కడైనా చీలిక ఉండి, ఆ చీలికలోకి పై నుంచి వాన దిగి ఉంటేనే నీళ్లు. ఆ సంగతి అరచేతిలో టెంకాయకు తెలిసే దారి లేదు. అయినా అదే టెంకాయ నిలబడ్డ మరో చేన్లో నీళ్లు పడ్డాయి. ఆ ఒక్క బోరు మీద ఆ శాస్త్రం ఇంకో పదేళ్లు బతుకుతుంది. పడని బోర్ల మాట ఎవరూ ఎత్తరు, అప్పు ఇచ్చినవాడు తప్ప.

పైనున్న నీళ్లకూ శాస్త్రాలున్నాయి. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టినప్పటి నుంచి అవి మబ్బుల్ని పక్క జిల్లాకు తోసేస్తున్నాయని మావైపు గట్టి నమ్మకం. గాలి వల్ల మర తిరుగుతుంది గానీ మర వల్ల గాలి రాదని నేను చెప్పబోతే, మీ ఇంట్లో ఫ్యానేం చేస్తుంది సార్ అన్నాడు ఒకాయన. నా దగ్గర జవాబు లేదు. కప్పలకు పెళ్లిళ్లు చేశాం. సర్కారు వారు విమానాల్లో వెళ్లి మబ్బుల మీద ఉప్పులూ రసాయనాలూ చల్లి, దానికి మేఘమథనం అని మాకంటే మంచి సంస్కృతం పెట్టారు.

నా వంతూ ఉంది, దాచను. విరాటపర్వం చదివితే వాన పడుతుందని తెలుగునాట పాత నమ్మకం. ఒక కరువు ఏడు ఊరివాళ్లు వచ్చి, సార్, మీరు తప్ప తిక్కనను నోరు తిరిగి చదివేవాళ్లు లేరన్నారు. పొగడ్తకు లొంగాను. రామాలయంలో అయిదు రాత్రులు మైకు పెట్టి చదివాను. కీచకవధ రోజు జనం బాగా వచ్చారు. గోగ్రహణం నాటికి ఉరుములు కూడా వినబడ్డాయి. వాన పడింది, పక్క మండలంలో. అక్కడ ఎవరూ ఏ పర్వమూ చదవలేదు. మర్నాడు ఊళ్లో పంచాయితీ జరిగితే తేలిందేమిటంటే, మైకు గొట్టం అటువైపు తిప్పి ఉందట.

విశేషం

తులసి కథ గుర్తుంచుకోమన్నాను. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో దొంగచాటుగా పండే గంజాయిలో పేరుమోసిన రకం పేరు శీలావతి. పోలీసుల ప్రకటనల్లో, పేపర్లలో ఎన్నోసార్లు వచ్చిన పేరే. పేరులోనే శీలం పెట్టుకుంది. అంటే మన మూలంలోని రెండు మొక్కల్లో ఒకరు బృంద, ఒకరు శీలావతి. ఇద్దరు పతివ్రతల పేర్లు. ఇక సావాసదోషం ఎవరి నుంచి ఎవరికి అంటినట్టు? పూర్వపక్షి దీనికి సమాధానం చెప్పాలి.

ఆ కొండల్లోనే ఎందుకు పండుతుంది, అనంతపురంలో ఎందుకు వనాలుగా పండదు అంటే, ప్రతిపదార్థంలో రెండో మాట మళ్లీ చదువుకోండి. పాడేరు వైపు వాగులున్నాయి, వానలున్నాయి, దాచడానికి అడవి ఉంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల సరుకు గుట్టలుగా పోసి తగలబెట్టారు. మా దగ్గర ఒక మనిషి పొలంలో బహిర్భూమికి వెళ్లినా రెండు కిలోమీటర్ల అవతలికి కనబడతాడు. ఇక తోటలేం దాస్తాం?

తులాభారంలో శ్రీకృష్ణుణ్ణి తూచడానికి నగలన్నీ చాలకపోతే ఒక్క తులసిదళం తూగింది. గంజాయి తూకానికి 1985 నాటి చట్టముంది. కిలో దాకా చిన్న మోతాదు, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. ఇందులో వ్యాఖ్యాతలు ఆనందించాల్సిన మెలిక ఒకటుంది. పూత, కాత పట్టిన కొసలే చట్టం దృష్టిలో గంజాయి. వాటితో కలిసి లేని ఆకు, గింజ గంజాయి కావు. అందుకని కోర్టుల్లో లాయర్లు తూకం వేసినప్పుడు ఆకెంత, కాడెంత, పూతెంత అని ప్రతిపదార్థం చెప్పుకుంటూ వాదిస్తారు. ఆ తూకంలో రుక్మిణి వేసే దళం ఉండదు. అయితే మొక్క పెంచినవాడికి ఈ మెలిక పనికిరాదు. తూకంతో పని లేకుండా పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. తులసి మొక్కకు మాత్రం ఎన్ని కిలోలు పెంచినా ఎవరూ అడగరు. పెంచి చూడండి తెలుస్తుంది.

అలంకారం

ఉపమ. ఇది నా ఉపమ కాదు, లిన్నేయస్ ఉపమ. పోయిన వేసవిలో హైదరాబాదు నుంచి మా మనవడు వచ్చాడు. పెరట్లోకి వెళ్లి, చేతివేళ్లలా చీలిన పచ్చటి ఆకులున్న మొక్క ముందు నిలబడి, "తాతా, నువ్వు కూడానా?" అని ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. అది గోగు. మా కన్నడ చుట్టాలు పుండి అంటారు, మిగతా తెలుగువాళ్లు గోంగూర అంటారు. వాడి తప్పేం లేదు. 1759లో లిన్నేయస్ ఈ మొక్క ఆకులు చూసి గంజాయి ఆకులా ఉన్నాయనే 'హైబిస్కస్ కన్నాబినస్' అని పేరు పెట్టాడు. కన్నాబినస్ అంటే గంజాయిని పోలినది అని. మనవాళ్లు అమెరికాకు పచ్చడి జాడీల్లో మోసుకుపోతున్నది గంజాయికి ఉపమానంగా నిలిచిన ఆకునే. ఆ మాట విమానాశ్రయంలో అనకండి. మా ఇంటావిడ ఆ ఫొటో తీసేయించి, అదే ఆకుతో పప్పు చేసి వాడికి పెట్టింది.

పెరడు సంగతి ఎత్తాను కాబట్టి మరొక్క మాట. గోగుకు మేం నీళ్లు పోయం. గోడవతల కుళాయి దగ్గర బిందెలు కడిగిన నీళ్లు పారి అదే బతుకుతుంది. తులసికి మాత్రం ట్యాంకరు మూడు రోజులకోసారి వచ్చే మే నెలలో కూడా మా ఇంటావిడ రోజూ చెంబెడు పోస్తుంది. స్నానానికి సగం బకెట్టు అని నాకు లెక్క పెట్టినా ఆ చెంబు తగ్గించదు. మా వీధిలో పచ్చగా ఉన్న తులసికోటలు ఎవరి ఇళ్లవో చూస్తే ఎవరి ఇంటికి సొంత బోరుందో చెప్పేయొచ్చు.

తాత్పర్యం

తాత్పర్యం రాసి, చివర ఆశ్వాసాంత గద్య కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. 'ఇది శ్రీమత్క్షామసీమాలంకార' అని మొదలుపెట్టి అరపేజీ సమాసం. ఇంతలో ఆదివారం మా బామ్మర్ది కొడుకే వచ్చాడు, వాళ్లమ్మ పంపిన ఊరిబిండి డబ్బా తీసుకుని. కూర్చోబెట్టి, ఏరా, సిగరెట్లు తాగుతున్నావంట అని అడిగాను.

"నేను తాగలేదు మామా. పెట్టె రిగ్గోళ్లది. రాసుకోను కాయితం లేక కింద పడింది తీసుకున్నా" అన్నాడు.

రిగ్గు ఎక్కడిదిరా అన్నాను. వాడు కాసేపు చెప్పలేదు. బోరు మళ్లీ వేయొద్దని అప్పుడు నేను గట్టిగా చెప్పానని, అందుకే ఈసారి నాకు తెలియనీయలేదని తర్వాత చెప్పాడు. వాళ్ల నాన్న ఫోన్ చేసింది బోరు వేసిన మర్నాడు పొద్దున. వనానికి నీళ్లు యాణ్ణుంచి పారించినావని నేను అడిగింది అప్పుడే.

పెట్టె ఇంకా వాడి దగ్గరే ఉంది. లోపలి అట్ట విప్పి బల్ల మీద పెట్టాడు. బాల్‌పెన్నుతో, గుండ్రటి అక్షరాలు, ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదట కేసింగు పైపు లెక్క. దాని కింద వరసగా: 180, తడి. 210, పొడి. 400, పొడి. 550, పొడి. చివరి వరస: 720, పొడి. ఆపేసినారు.